ఐదు గేదెల పేడతో మూడెకరాలకు ఎరువు: గుంత తవ్వడం నుంచి దుక్కిలో కలిపేదాకా

"ఏటా పొలానికి పెంట తోలుతూనే ఉన్నాం. అయినా ఒక్క యూరియా బస్తా కూడా తగ్గించలేకపోతున్నాం, ఎందుకని?" పాడి ఉన్న రైతులు ఎక్కువగా అడిగేది ఇదే. దాని వెంటే ఇంకో ప్రశ్న వస్తుంది: "ఇంత తతంగం ఎందుకు, పచ్చిపేడ నేరుగా పొలంలో పోస్తే పోలా?"

పేడలో బలం లేక కాదు. ఆ బలం పొలం చేరేలోపే మూడు చోట్ల కారిపోతోంది. కొట్టంలో మూత్రంతో కొంత పోతుంది. ఎండకూ వానకూ వదిలేసిన పెంటకుప్పలో మరికొంత. తోలిన తర్వాత దున్నకుండా పొలంలో వదిలేసిన రోజుల్లో మిగిలింది. ఈ మూడు కంతలూ ఎలా పూడ్చాలో వరసగా చూద్దాం. లెక్కలన్నీ ఐదు గేదెలకు వేశాం. మీకు పది ఉంటే రెట్టింపు చేసుకోండి.

ముందు ఒక లెక్క

గేదె రోజుకు సుమారు 12 కిలోల పేడ వేస్తుంది. ఐదింటికి 60 కిలోలు. తొక్కి వదిలేసిన మేత, కింద పరిచిన గడ్డి, అవి పీల్చిన మూత్రం కలిపితే రోజుకు 75 కిలోల సరుకు. నాలుగు నెలలకు 9 టన్నులు. చివికేసరికి సగానికి తగ్గి, చేతికొచ్చేది దాదాపు నాలుగు టన్నులు. అంటే ఒక ఎకరానికి సరిపడా. ఏడాదికి మూడు విడతలు, మూడెకరాలు.

మామూలు పశువుల ఎరువులో నత్రజని అర శాతం, భాస్వరం 0.2 శాతం, పొటాష్ అర శాతం చొప్పున ఉంటాయి. మూత్రం బాగా పట్టించిన ఎరువులో నత్రజని ఇంకా ఎక్కువే ఉంటుంది కానీ, లెక్కకు మాత్రం అర శాతమే తీసుకోండి.

కావలసినవి

- 20 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు, 3 అడుగుల లోతు గుంతలు రెండు. ఒకటి నిండుతుంటే రెండోది మాగుతుంటుంది.
- పార, పలుగు, గంపలు. గుంతకు అడ్డు పెట్టడానికి పాత చెక్క గానీ, వెదురు తడిక గానీ.
- కొట్టంలో పరచడానికి వరిగడ్డి, చొప్ప ముక్కలు, వేరుశనగ పొట్టు, చెరకు ఆకు వంటివి రోజుకు 8–10 కిలోలు.
- సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ (సూపర్ అని పిలిచే భాస్వరం ఎరువు), గుంతకు రెండు బస్తాలు. తప్పనిసరి కాదు, ఉంటే మంచిది.
- పైన మెత్తడానికి బంకమట్టి. నీడకు కొబ్బరాకుల పందిరో, తాటాకు పందిరో.
- ఒక ఇనుప కడ్డీ, నాలుగైదు అడుగులది. పరీక్షకు ఇదే మీ థర్మామీటరు.

1. కొట్టం నేలతో మొదలుపెట్టండి

అందరూ గుంతతో మొదలుపెడతారు, కానీ అసలు నష్టం కొట్టంలోనే మొదలవుతుంది. పశువు విసర్జించే నత్రజనిలో దాదాపు సగం మూత్రంలోనే ఉంటుంది. పేడ తగిలిన మూత్రం కొన్ని గంటల్లోనే అమ్మోనియాగా మారి గాలిలో కలుస్తుంది. తెల్లవారుజామున కొట్టంలోకి వెళ్లగానే కళ్లు మండించే ఘాటు అదే. అది మీ యూరియా వాసన.

గేదె రోజుకు 8 లీటర్ల మూత్రం పోస్తుందనీ, లీటరులో 8 గ్రాముల నత్రజని ఉంటుందనీ తక్కువలో తక్కువ అనుకుందాం. ఐదు గేదెలకు ఏడాదికి 116 కిలోల నత్రజని. 45 కిలోల యూరియా బస్తాలో ఉండేది 20 కిలోల పైచిలుకు. అంటే ఐదున్నర బస్తాలు కాలవలో కలిసిపోతున్నట్టు. అందులో సగం పట్టుకున్నా లాభమే.

పట్టుకోవడానికి రెండు దారులు.

సిమెంటు నేల ఉంటే, ప్రతి నాలుగు అడుగులకు ఒక అంగుళం వాలు ఇచ్చి, వెనక చిన్న కాలవ తీసి, చివర ఒక తొట్టి పెట్టండి. సాయంత్రం గడ్డి పరవండి. కిలో ఎండు వరిగడ్డి రెండు లీటర్లకు పైగా మూత్రం పీలుస్తుంది. పొద్దున్నే పేడతో పాటు ఆ తడిగడ్డినీ ఎత్తి గుంతలో వేయండి. తొట్టిలోని మూత్రం కూడా గుంతలోనే పోయండి.

మట్టి నేల అయితే పశువుల కింద అరడుగు మందాన పొడిమట్టి పరవండి. తడిసిన చోట రోజూ కొత్త మట్టి చల్లుతూ, కొన్ని వారాలకోసారి మొత్తం తవ్వి గుంతలోకి మార్చండి. పాతకాలపు పద్ధతే, ఖర్చు లేనిది.

వరిపొట్టు, అంటే ఊక, పరచకండి. అది మూత్రం సరిగా పీల్చదు, ఏడాదైనా చివకదు.

కొట్టం కడిగిన నీళ్లు గుంతలోకి పోనివ్వకండి. ఆ నీళ్లకు వేరే దారి తీసి నేపియర్ గడ్డి మడికి పారించండి. రోజుకు వందల లీటర్లు గుంతలో పడితే ఎరువు కాదు, బురద తయారవుతుంది. ముందు పేడ ఎత్తి ఆ తర్వాత కడగడం అలవాటు చేసుకుంటే సగం గొడవ తీరుతుంది. ఫినాయిల్, బ్లీచింగ్ పౌడర్ కలిపి కడిగిన నీళ్లు మాత్రం ఎరువులోకి అసలు వద్దు.

2. చోటు ఎంచుకోండి

కొట్టానికి దగ్గరగా, కాస్త మెరక మీద, చెట్టు నీడ ఉన్న చోటు మంచిది. దూరమైతే వర్షం రోజు ఎవరూ పేడ మోయరు, కొట్టం పక్కనే కుప్ప పోస్తారు. తాగునీటి బావికి, బోరుకు కనీసం 50 అడుగుల దూరం పాటించండి. నేల వాలు బావి వైపు ఉంటే ఆ చోటు వదిలేయండి.

గోదావరి, కృష్ణా డెల్టాల్లో మూడడుగులు తవ్వితే నీరు ఊరే ఊళ్లు చాలా ఉన్నాయి. అక్కడ గుంత మాటే వద్దు. నేల మీదే ఇటుకలతో మూడడుగుల ఎత్తు గోడ కట్టి, మధ్యమధ్య ఇటుక వదిలి కంతలుంచండి. గుంతలో చేసే పనులన్నీ అందులోనూ చేయొచ్చు. గట్టి గాలికి త్వరగా ఎండుతుంది కాబట్టి తడి చూసుకుంటూ ఉండాలి.

ఎర్ర చల్కా నేలలో గుంత తవ్వితే సారం కిందికి ఇంకిపోతుంది. అడుగునా పక్కలా బంకమట్టీ పేడా కలిపి మెత్తండి, లేదా పాత టార్పాలిన్ పరవండి. నల్లరేగడిలో ఇంకడం తక్కువ గానీ వానకు పక్కలు విరిగిపడతాయి. అక్కడ గుంత గోడలు నిట్టనిలువుగా కాకుండా కొంచెం ఏటవాలుగా తవ్వండి.

3. గుంత తవ్వడం

కొలతలు పైన చెప్పినవే. మూడడుగుల కంటే లోతు వద్దు. నాలుగైదు అడుగులు తవ్వితే అడుగు సరుకు గాలి అందక ముక్కి, మురుగు కంపు కొడుతుంది. తీయడానికీ నడుములు విరుగుతాయి. పొడవు పెంచుకోండి, లోతు కాదు.

తవ్విన మట్టిని గుంత చుట్టూ అడుగు ఎత్తు గట్టుగా పోయండి. వాన నీరు పక్కల నుంచి లోపలికి రాకుండా ఉండాలంటే ఈ గట్టే దిక్కు. గట్టు లేని గుంత తొలకరికే చెరువవుతుంది.

4. నింపడం: పలుచగా పరవకండి, గదులుగా నింపండి

ఇక్కడే ఎక్కువ మంది తప్పు చేస్తారు. రోజూ తెచ్చిన పేడను 20 అడుగుల పొడవునా పలుచగా వేస్తే నాలుగు నెలల పాటు పైపొర ఎండుతూనే ఉంటుంది. ఎండిన ప్రతిసారీ నత్రజని పోతుంది. మన ప్రాంతాల్లో గుంత పద్ధతిని సూచించిన శాస్త్రవేత్త సి.ఎన్. ఆచార్య చెప్పిన కిటుకు ఇదే: గుంతను భాగాలు చేసి ఒక్కోటి పూర్తిగా నింపి మూసేయాలి.

అ) గుంత ఒక చివర నుంచి నాలుగు అడుగుల దగ్గర తడిక అడ్డు పెట్టండి. ఇది మొదటి గది. 20 అడుగుల గుంతలో ఇలాంటివి ఐదు వస్తాయి.

ఆ) అడుగున అరడుగు మందాన కంది కట్టె, పత్తి కట్టె ముక్కలు వేయండి. నీరు ఇంకడానికి, కొద్దిగా గాలి ఆడటానికి. గులాబీ రంగు పురుగు పట్టిన పత్తి చేను కట్టె, కాయలు ఉన్న కట్టె మాత్రం వద్దు.

ఇ) రోజూ పొద్దున పేడ, తడిగడ్డి, మిగులు మేత కలిపి వేసి కాలితో తొక్కండి. గడ్డి ఒక పక్క, పేడ ఒక పక్క పడితే గడ్డి గడ్డిగానే ఉండిపోతుంది. పొడుగు చొప్పను అడుగు లోపు ముక్కలుగా నరికి వేయండి.

ఈ) సూపర్ వాడేవాళ్లు పశువుకు రోజుకు 150 గ్రాములు, అంటే ఒక పెద్ద గుప్పెడు, పేడ తీసిన తర్వాత కాలవలోనూ తడిగడ్డి మీదా చల్లండి. టన్ను సరుకుకు 10 కిలోలు పడుతుంది. సూపర్‌లో జిప్సం ఉంటుంది, అది అమ్మోనియాను పట్టి ఉంచుతుంది. భాస్వరం కూడా పేడతో కలిసి మాగుతుంది. గేదెలు నాకే చోట, మేత తొట్టి దగ్గర చల్లకండి.

ఉ) సరుకు నేల మట్టం దాటి అడుగున్నర ఎత్తు లేచేదాకా నింపండి. రోజుకు 75 కిలోల లెక్కన ఒక్కో గదికి దాదాపు 25 రోజులు పడుతుంది.

ఊ) గది నిండగానే పైభాగం గుడిసె కప్పులా వాలుగా సర్ది, పేడ, బంకమట్టి కలిపిన ముద్దతో అంగుళం మందాన మెత్తండి. ఎండిన తర్వాత వచ్చే పగుళ్లను మళ్లీ పూడ్చండి. తడిక ముందుకు జరిపి రెండో గది మొదలుపెట్టండి.

గుంతలో వేయకూడనివి:

- పొయ్యి బూడిద, సున్నం. చాలామంది మంచిదని పేడలో బూడిద కలుపుతారు. అది క్షారం, తగలగానే అమ్మోనియాను తరిమేస్తుంది. బూడిదను విడిగా దాచి కొబ్బరికో అరటికో వేసుకోండి.
- గింజ పట్టిన వయ్యారిభామ, తుంగ గడ్డలు, గరిక. గుంతలో వేడి అంతగా పుట్టదు, కాబట్టి ఇవి చావవు. మరుసటి ఏడాది పొలమంతా అవే. పూతకు ముందు పీకిన వయ్యారిభామ వేయొచ్చు, ఒంటికి తగలకుండా చేతులకు తొడుగులు వేసుకోండి.
- ప్లాస్టిక్ సంచులు, మందు సీసాలు, సూదులు. పశువైద్యం తర్వాత పారేసిన సూది పారకు తగలదు, అరికాలికే తగులుతుంది.

5. కార్తెలకు కలిసొచ్చేలా గుంతలు మార్చుకోండి

అక్టోబరు నుంచి జనవరి దాకా నింపిన గుంత, మే ఆఖరుకు, అంటే రోహిణి కార్తెకు, సిద్ధం. ఫిబ్రవరి నుంచి మే దాకా నింపింది సెప్టెంబరు ఆఖరుకు రబీకి అందుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నింపింది జనవరి ఆఖరుకు వేసవి కూరగాయలకు. రెండు గుంతలు మార్చిమార్చి వాడితే ఏటా మూడుసార్లు ఎరువు చేతికొస్తుంది. చివరి గది మూసిన రోజు నుంచి నాలుగు నెలలు లెక్కపెట్టండి, మొదటి గది నుంచి కాదు.

త్వరగా కావాలంటే

గుంతకు బదులు నేల మీద ఆరడుగుల వెడల్పు, ఐదడుగుల ఎత్తు కుప్ప పోసి 15, 30, 45 రోజులకు తిరగేస్తే రెండున్నర, మూడు నెలల్లో ఎరువు అవుతుంది. లోపల 55 నుంచి 65 డిగ్రీల వేడి పుడుతుంది, కలుపు విత్తనాలు చాలా వరకు చస్తాయి. తిరగేసేటప్పుడు పైది లోపలికి, లోపలిది పైకి రావాలి. కుప్ప తిప్పినప్పుడల్లా కొంత నత్రజని పోతుంది, కూలి ఖర్చూ ఉంటుంది. మీ మేతలో, పొలంలో కలుపు ఎక్కువైతే కుప్ప. లేకపోతే గుంతే మేలు.

వానపాముల ఎరువుకు పచ్చిపేడ పనికిరాదు, వేడికి పాములు చస్తాయి. 15–20 రోజులు ఆరబెట్టి చల్లారిన పేడే వాడాలి. కూరగాయలు, పూలు, నర్సరీలకు బాగుంటుంది. వరికి, పత్తికి ఎకరాల లెక్కన చేయడం ఐదు గేదెల ఇంట్లో అయ్యే పని కాదు.

గోబర్ గ్యాస్ ఉన్నవాళ్లకు సంగతి వేరు. రెండు ఘనమీటర్ల ప్లాంటుకు రోజుకు 50 కిలోల పేడ, అన్నే నీళ్లు పడతాయి. ఐదు గేదెల పేడ దాదాపు దానికే సరి. బయటికొచ్చే స్లర్రీలోని, అంటే పులిసిన పేడనీళ్లలోని, నత్రజనిలో కొంత భాగం అమ్మోనియా రూపంలో ఉంటుంది. స్లర్రీని మడిలో ఎండబెడితే అది గాలిపాలే. స్లర్రీని కాలవ నీటితో పాటు పారించండి. అవసరం లేని రోజుల్లో గుంతలోని ఎండుగడ్డి మీద పోయండి. ప్లాంటు లోపలికి గానీ, మూత వేసిన లోతైన మూత్రపు తొట్టిలోకి గానీ శుభ్రం చేయడానికి ఎవరూ దిగకూడదు. అక్కడి విషవాయువు క్షణాల్లో స్పృహ తప్పిస్తుంది. పడినవాణ్ని తీయడానికి దిగినవాడూ పోతాడు.

జీవామృతం గురించి కూడా అడుగుతుంటారు. ఎకరాకు వాడే 200 లీటర్లలో 10 కిలోల పేడ, 10 లీటర్ల లోపు మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పు పిండి పడతాయి. వీటన్నిటిలో కలిపి నత్రజని పావు కిలో కూడా ఉండదు. దాన్ని సూక్ష్మజీవుల కోసం వాడుకోండి, నాలుగు టన్నుల ఎరువుకు బదులుగా మాత్రం కాదు.

6. మాగుతుండగా చూడాల్సినవి

నెలకోసారి మెత్తుకు చిన్న కంత చేసి ఇనుప కడ్డీ గుచ్చండి. పది నిమిషాలాగి తీయండి. మొదటి నెలలో వేడిగా, రెండో నెల నుంచి గోరువెచ్చగా, చివరికి చల్లగా ఉండాలి.

అదే కంతలోంచి పిడికెడు సరుకు తీసి గట్టిగా పిండండి. వేళ్ల సందుల్లోంచి ఒకటి రెండు చుక్కలు వస్తే తడి సరిగ్గా ఉంది. ధారగా కారితే తడి ఎక్కువ, గది పక్కన కంత చేసి ఎండుగడ్డి కుక్కండి. ముద్ద కట్టకుండా రాలిపోతే తడి చాలదు. మూత్రం గానీ పేడ నీళ్లు గానీ నాలుగైదు చోట్ల కంతలు చేసి పోసి మళ్లీ మెత్తండి. తెల్లటి బూజు కనిపిస్తే సాధారణంగా లోపల పొడిబారిందని గుర్తు.

తెల్లగా, లావుగా, సి ఆకారంలో ముడుచుకున్న పురుగులు కనిపిస్తే జాగ్రత్త. కొబ్బరి తోటలున్న చోట అవి కొమ్ము పురుగు పిల్లలు కావచ్చు. రాయలసీమ వేరుశనగ పొలాల దగ్గరైతే వేరుపురుగు కావచ్చు. పెంటకుప్పలే వీటి పుట్టిళ్లు. ఏరి చంపండి, కోళ్లుంటే వదలండి, అవే తిని శుభ్రం చేస్తాయి. కొమ్ము పురుగుకు మెటారైజియం అనే పచ్చ బూజు మందును ప్యాకెట్ మీది మోతాదులో నీటిలో కలిపి గుంతలో పోయొచ్చు. మెత్తు పగుళ్లు లేకుండా ఉంటే తల్లి పురుగుకు గుడ్లు పెట్టే దారే ఉండదు.

7. మాగిందో లేదో నాలుగు పరీక్షలు

రంగు చూసి తొందరపడకండి. నల్లబడినంత మాత్రాన మాగినట్టు కాదు.

చేతి పరీక్ష: గడ్డి పోచ పట్టి లాగితే పుటుక్కున తెగాలి. వాసన వాన పడిన మట్టిలా ఉండాలి. పేడ వాసన, అమ్మోనియా ఘాటు ఉంటే ఇంకా ఆగాలి.

సంచి పరీక్ష: రెండు పిడికిళ్ల తడి ఎరువును పాలిథిన్ సంచిలో వేసి గాలి తీసి ముడి వేయండి. నీడలో మూడు రోజులుంచి విప్పండి. కుళ్లు కంపు వస్తే మాగలేదు. మట్టి వాసనే వస్తే అయినట్టు.

మొలక పరీక్ష: ఒక మూకుడులో ఎరువు, మట్టి సగం సగం, ఇంకో దాంట్లో ఉత్త మట్టి పోసి రెండిటిలో 20 చొప్పున పెసలో మెంతులో వేయండి. వారం తర్వాత మొలకలు లెక్కపెట్టండి. మట్టిలో 18 మొలిచి ఎరువులో 10 మొలిస్తే, లేదా వేళ్ల కొసలు గోధుమ రంగుకు తిరిగితే, నారుమడికీ విత్తనం పక్కనా ఆ ఎరువు వాడకండి. ఇంకో నెల ఆగండి.

కలుపు పరీక్ష: మూకుడులో ఉత్త ఎరువు పోసి పది రోజులు నీళ్లు చల్లండి. మీరు వేయని మొక్కలు ఎన్ని లేచాయో చూస్తే పొలంలో ఏం జరగబోతోందో తెలిసిపోతుంది.

పచ్చిపేడ నేరుగా ఎందుకు వద్దో ఈ పరీక్షల్లోనే తేలుతుంది. మాగని గడ్డిని చివికించుకోవడానికి సూక్ష్మజీవులు నేలలోని నత్రజనినే లాక్కుంటాయి, పైరు పసుపెక్కుతుంది. చెదలు చేరతాయి. దమ్ము చేసిన వరిమడిలో అయితే గాలి అందక కుళ్లి వేళ్లు నల్లబడతాయి. ఆకుకూరలు, కీర, ముల్లంగి వంటి పచ్చిగా తినే పంటల్లో రోగకారక క్రిములు కూడా చేరతాయి. పచ్చిపేడే గతి అనుకుంటే వేసవి దుక్కిలోనే కలిపి, కోతకు నాలుగు నెలల ముందే ముగించండి.

8. తోలడం, చల్లడం, దున్నడం: ఒకే రోజు

మూడో కంత ఇది. ఏప్రిల్‌లో కుప్పలు కుప్పలుగా పోసి, వాన పడితే దున్నుదామని నెలన్నర వదిలేయడం మన పల్లెల్లో ఎక్కడ చూసినా కనిపిస్తుంది. రోళ్లు పగిలే రోహిణి ఎండలో ఆ కుప్పల్లో నత్రజని ఏం మిగులుతుంది? పైగా కుప్ప ఉన్న చోట పైరు ఏపుగా, మిగతా చోట బక్కగా పెరిగి చేను మచ్చలు మచ్చలుగా ఉంటుంది.

విత్తడానికి రెండు మూడు వారాల ముందు, నేలలో కొంచెం పదును ఉన్నప్పుడు పెట్టుకోండి. మధ్యాహ్నం తోలి, సాయంత్రం చల్లి, చీకటి పడేలోపు గొర్రుతోనో కల్టివేటర్‌తోనో నాలుగు నుంచి ఆరు అంగుళాల లోతులో కలిపేయండి. ఆ రోజు ట్రాక్టర్ దొరక్కపోతే ఎరువు గుంతలోంచి తీయనే వద్దు.

ట్రక్కు లెక్క నమ్మకండి. ట్రక్కు సైజు, తడి, ఎంత నింపారన్న దాన్ని బట్టి బరువు మారిపోతుంది. ఒక్కసారి కాటా వేయించుకుంటే ఆ తర్వాత మీ ట్రక్కు బరువు మీకు తెలుస్తుంది.

ఎకరాకు నాలుగు టన్నులంటే చదరపు మీటరుకు ఒక కిలో. చేతితో చల్లేటప్పుడు ఐదు మీటర్లకొకటి చొప్పున అటూ ఇటూ 25 కిలోల గంపలు దించితే ఎకరాకు 160 గంపలవుతాయి, లెక్క సరిపోతుంది. సరిగా పడిందో లేదో చూడాలంటే మీటరు పొడవు, మీటరు వెడల్పు ప్లాస్టిక్ పట్టాను నేల మీద పరిచి, చల్లిన తర్వాత దాని మీద పడింది తూచండి. మూడు చోట్ల చూడండి. 700 గ్రాముల నుంచి 1300 గ్రాముల మధ్య ఉంటే ఫరవాలేదు.

వరి, పత్తి, వేరుశనగకు ఎకరాకు నాలుగు టన్నులు మామూలు మోతాదు. మిరప, కూరగాయలకు 8–10 టన్నులు కావాలి. అంత లేకపోతే పొలమంతా చల్లకుండా సాళ్లలోనే వేయండి. కొబ్బరికి చెట్టుకు ఏడాదికి 25–50 కిలోలు, మొదలుకు ఆనించకుండా నాలుగైదు అడుగుల దూరంలో పళ్లెం తీసి వేసి మట్టి కప్పండి.

ఎండు తెగులు, వేరుకుళ్లు వచ్చే చేనైతే 90 కిలోల మాగిన ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా విరిడి (తెగుళ్లను అణిచే మేలు బూజు) కలిపి, నీళ్లు చిలకరించి నీడలో గోనె కప్పండి. వారం, పది రోజుల్లో పైన పచ్చటి బూజు పడుతుంది. దాన్ని ఎకరాకు ఆఖరి దుక్కిలో పదును మీద చల్లండి. ట్రైకోడెర్మాను వేడిగా ఉన్న గుంతలో వేస్తే చస్తుంది, చల్లారిన ఎరువులోనే కలపాలి.

9. బస్తాలు ఎంత తగ్గించాలి?

ఎరువు వేసి, రసాయన ఎరువులు కూడా పాత లెక్కనే వేస్తే కష్టం వృథా. అలాగని ఒకేసారి మానేస్తే దిగుబడి పడిపోతుంది. లెక్క ఇలా వేసుకోండి.

నాలుగు టన్నుల్లో నత్రజని 20 కిలోలు, భాస్వరం 8, పొటాష్ 20. మొదటి పంటకు అందేది నత్రజనిలో 30 శాతం, భాస్వరంలో 60 శాతం, పొటాష్‌లో 75 శాతం. అంటే 6, 5, 15 కిలోలు.

- యూరియాలో 13 కిలోలు తగ్గించండి.
- డీఏపీలో 10 కిలోలు.
- మ్యూరేట్ ఆఫ్ పొటాష్‌లో 25 కిలోలు.

గుంతలో రెండు బస్తాల సూపర్ వేసి ఉంటే దాదాపు మరో 15 కిలోల భాస్వరం అందులో ఉంది. డీఏపీ ఇంకో 30 కిలోల దాకా తగ్గించవచ్చు. అయితే డీఏపీలో నత్రజని కూడా 18 శాతం ఉంటుంది. డీఏపీ 40 కిలోలు తగ్గిస్తే 7 కిలోల నత్రజని తగ్గినట్టే, కాబట్టి అప్పుడు యూరియా జోలికి పోకండి.

యూరియాలో తగ్గింపు మొదటి ఏడాది ఇంత కొంచెమేనా అనిపిస్తుంది. మిగిలిన నత్రజని తర్వాతి పంటలకు మెల్లగా వస్తుంది. అదే చేలో వరసగా మూడేళ్లు వేస్తే తగ్గింపు పెంచుకోవచ్చు. ఆ పెంపు ఎంతో ఊహించి కాకుండా రెండు మూడేళ్లకోసారి భూసార పరీక్ష చేయించి నిర్ణయించండి. పంట కోసిన తర్వాత, ఎరువు వేయకముందు మట్టి తీయాలి. ఎరువు చల్లిన వారానికి తీసిన మట్టి తప్పు లెక్క చూపిస్తుంది.

నమ్మకం కుదరకపోతే పది సెంట్లలో బస్తాలు తగ్గించి, పక్కనే పది సెంట్లలో తగ్గించకుండా వేసి రెండూ విడిగా కోసి తూచండి.

డెయిరీల నుంచి లోడు కొనేవాళ్లకు

పాడి లేని రైతులు ట్రక్కు లెక్కన కొంటారు, మోసపోయేదీ అక్కడే. లోడు దించకముందే మూడు చోట్ల, కనీసం అడుగు లోపలి నుంచి పిడికెడు చొప్పున తీసి గాజు గ్లాసు నీళ్లలో కలిపి పది నిమిషాలు ఆగండి. ఎరువు తేలుతూ ఉంటుంది, మట్టీ ఇసుకా అడుక్కి చేరతాయి. మట్టి నేల కొట్టం ఎరువులో కొంత మట్టి సహజమే. కానీ అడుగున చేరింది గ్లాసులో వేసినదానిలో మూడో వంతుకు మించితే మీరు మట్టికి డబ్బు కడుతున్నట్టే.

పై పొర పొడిగా ఉండి లోపల ఆకుపచ్చ పేడ ముద్దలు కనిపిస్తే అది నిన్నటి సరుకు. ధర తగ్గించుకుని కొని, నీడలో కుప్ప పోసి మూడు నెలలు మాగబెట్టుకోండి. బరువు కోసం నీళ్లు కొట్టిన లోడు ట్రక్కు అంచుల నుంచి నల్లగా కారుతూ వస్తుంది. అలాంటి దాన్ని కాటా మీద కాదు, ఘనపు కొలత మీద బేరం చేయండి.